మారేడ్‌పల్లి తోటలో నా మంచం

ఆసుపత్రి బల్ల మీద వంతు కోసం కూర్చున్న రోజుల్లో పక్కనున్నవాళ్లను ఒకే ఒక మాట అడగాలనిపించేది: తగ్గిన తరువాత ఎట్లా ఉంటుంది? ఎన్నడూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లు లేరు. తగ్గినవాళ్లు ఆ బల్ల మీదికి రారు కదా. వచ్చేవాళ్లంతా నాలాగే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఒకరి దగ్గును ఒకరు లెక్కపెట్టుకునేవాళ్లు.

ఇప్పుడు నాకు తగ్గింది. డాక్టరుగారు అట్లాగే అన్నారు, కాగితం మీద కూడా రాసి ఇచ్చారు. అందుకని, ఆ బల్ల మీద ఇప్పుడు కూర్చుని ఉన్న ఎవరికైనా పనికివస్తుందేమోనని రాస్తున్నాను. ఒక్కసారి కూర్చుంటే అరగంటకు మించి రాయలేను. భుజం లాగుతుంది. కాబట్టి ఇది ముక్కలు ముక్కలుగా ఉంటే క్షమించాలి.

1948, ఎండలు ముదరకముందు

అప్పుడు మేము సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మా ఆయన రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. అత్తమ్మ, ఐదేళ్ల పాప విమల, మేమిద్దరం. నాకు ఇరవైతొమ్మిదేళ్లు.

దగ్గు చలికాలంలో మొదలైంది. మిరపపొడి ఘాటనుకున్నాను. ఎదురుగా అంగళ్లలో పొద్దంతా మిరపకాయలు దంచేవారు. తరువాత సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడేది. పొయ్యి ముందు కూర్చున్నందువల్ల అనుకున్నాను. రవికలు వదులైతే చాకలి సాగదీశాడనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం ఉండేది. ఇది చదివేవాళ్లకు ఒక్క మాట చెప్పాలంటే అదే చెబుతాను: కారణాలు వెతుక్కుంటూ మూడు నెలలు పోగొట్టుకోకండి.

పెద్దాసుపత్రిలో ఛాతీకి ఫోటో తీశారు. డాక్టరుగారు మా ఆయన్ను గది బయటికి పిలిచి మాట్లాడారు. తలుపు సందులోంచి ఆయన టోపీ తీయడం, మళ్లీ పెట్టుకోవడం, మళ్లీ తీయడం చూశాను.

బయటికి వచ్చాక అడిగాను. "ఏమన్నరు?"

"నిమోనియా లెక్కనేనట. జెర ఎక్కువ దినాలు పడుతదట."

నేను కూర్చున్న గది గుమ్మం మీద ఏ రోగానికి ఆ గదో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆయన ఆ అక్షరాల కిందే నిలబడి నాతో అబద్ధం చెప్పారు. నేను సరేనన్నాను. టాంగా ఎక్కి ఇంటికి వచ్చాం.

అత్తమ్మకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆమె ఇద్దరు చెల్లెళ్లూ ఈ రోగంతోనే పోయారు. ఆ సాయంత్రం నా కంచం, చెంబు వేరుగా కిటికీలో పెట్టింది. విమల పక్కబట్టలు చుట్టి చంకన పెట్టుకుంది.

"పిల్లను నా పక్కన పండవెట్టుకుంట. నువ్వేం అనుకోకు బిడ్డా. నేను చూసిన దాన్ని, గందుకే," అంది. అని నా ముందే ఏడ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు.

శానిటోరియంలో మంచం ఖాళీ లేదన్నారు. నెలలు పట్టవచ్చునన్నారు. మా ఆయన ఆఫీసులో ఎవరో మారేడ్‌పల్లిలో రూతమ్మగారి సంగతి చెప్పారు. ఇరవై ఏళ్లు క్షయరోగుల మధ్య నర్సుగా పనిచేసి మానుకున్న మనిషి. తోటలో విడిగా ఒక గది ఉందట. రోగులంటే భయం లేదట. రెండు కుక్కలతో ఒంటరిగా ఉంటుందట.

కుక్కలనేసరికి నాకు రోగం కంటే ఎక్కువ భయం వేసింది.

ఎండాకాలం

రూతమ్మగారిది ఒంగోలు వైపు. అరవై దాటిన పొట్టి మనిషి, తెల్ల చీర, మగవాళ్ల చెప్పులు. నన్ను టాంగా దిగనిచ్చి, ఎగాదిగా చూసి, "నడవగలవా? సరే. ఇకమీదట నడవొద్దు," అన్నారు.

అవే ఆమె వైద్యం మొదటి మాటలు. పొద్దున్నించి సాయంత్రం దాకా సీతాఫలం చెట్ల పక్కన, జామ నీడలో మంచం. ఎండ జరిగితే మంచం జరుగుతుంది, నేను కాదు. చేతులు తల మీదికి ఎత్తకూడదు. జడ నేను వేసుకోకూడదు. గట్టిగా నవ్వకూడదు. మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మాలి, దాన్ని ఆమే కాల్చేవారు. రోజుకు రెండు గుడ్లు. మా ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా అనేవాళ్లం కాదు. మొదటి రోజు కళ్లు మూసుకుని మింగి వాంతి చేసుకున్నాను. ఆమె ఇంకొకటి వలిచి తెచ్చారు.

"అమ్మాయ్, దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాలే. నువ్వు మింగు."

కుక్కలు రెండు. జూలీ ముసలిది, గోధుమరంగు, ఒక చెవి చిరిగి ఉండేది. మోతీ పడుచుది, తెల్లది, బుద్ధి లేనిది. వచ్చిన రోజు మోతీ నా మంచం చుట్టూ పరుగెత్తుతుంటే దుప్పటి నెత్తిమీదికి లాక్కుని వణికాను. జూలీ మాత్రం వాసన చూసి, మంచం కింద దూరి, నిట్టూర్చి పడుకుంది. రెండేళ్లు అక్కడే పడుకుంది. దాని ఊపిరికి నవ్వారు మంచం సన్నగా కదిలేది. నా ఊపిరి ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు ఆ కదలిక లెక్క పెట్టుకుంటూ ఉండేదాన్ని.

తోట చూసేది మస్తాన్. నలభై ఏళ్ల మనిషి. జహీరాబాదు అవతల ఏదో ఊరు. చిన్నప్పుడే లష్కరుకు, అంటే సికింద్రాబాద్‌కు, వచ్చి ఇక్కడే తోటపని నేర్చుకున్నాడు. బావిలో నీళ్లు చేది, రెండు బకెట్లతో మల్లె పాదులకు, బంతికి, గులాబీలకు, వెనక వంకాయ మడులకు పోసేవాడు. ఇంట్లో వాళ్లది తెలుగే. కాని కుక్కల్ని తిట్టడానికి మాత్రం ఉర్దూ. బుజ్జగించడానికి మళ్లీ తెలుగు. మోతీ మొక్కలు తవ్వినప్పుడల్లా ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వినబడేవి.

నాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎండ నా కాళ్ల మీదికి రాగానే వచ్చి, "అమ్మా, జరుపుతున్న," అని చెప్పి, మంచాన్ని జాగ్రత్తగా రెండడుగులు లాగేవాడు. రోజుకు ఏడెనిమిది సార్లు. ఒక్కసారి కూడా విసుక్కోవడం చూడలేదు. ఆ ఎండాకాలమంతా నేను చేసిన ప్రయాణం అదే.

ఆదివారాలు మా ఆయన పాపను తీసుకువచ్చేవారు. గోరింట కంచె దాటి లోపలికి రానివ్వకూడదని రూతమ్మగారి ఆజ్ఞ. కంచెకూ నా మంచానికీ ఇరవై అడుగులు. విమల అక్కడ నిలబడి బళ్లో నేర్చిన పద్యం చెప్పేది. రెండు వారాలకే పద్యాలు అయిపోయాయి. మూడోవారం ఏం చెప్పాలో తెలియక మోతీని కావలించుకుని కూర్చుంది. దాని మెడలో ముఖం పెట్టి ఏదో చెప్పింది. వాళ్లు వెళ్లిపోయాక మోతీ నా దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా కుక్కను ముట్టుకోని నేను దాని మెడ వాసన చూశాను. పాప తలకు రాసే కొబ్బరినూనె వాసన. చాలాసేపు వదల్లేదు.

రూతమ్మగారు వరండాలోంచి చూశారు. కసురుతారనుకున్నాను. శనివారం సాయంత్రం మస్తాన్‌ను పిలిచి, "రేపు పాప వచ్చేలోపు ఈ కుక్కకు కార్బాలిక్ సబ్బుతో స్నానం చేయించు. ఇకనించి ప్రతి ఆదివారం ఇంతే," అన్నారు. నావైపు తిరిగి, "పాప నుంచి నీ దగ్గరికి రావచ్చు. నీ నుంచి పాప దగ్గరికి పోకూడదు. అర్థమైందా?" అన్నారు.

అర్థమైంది. మోతీకి మాత్రం ఏం అర్థం కాక, ఆదివారం వచ్చిందంటే బావి వెనక దాక్కునేది.

వానలు

జూలై నాటికి ఊళ్లో మాటలు మారిపోయాయి. ఎవరో ఎక్కడో ఊరు కాల్చారని, రైలు ఆపారని, రజాకార్లు ఫలానా వీధిలో కవాతు చేశారని. సామాను రావడం తగ్గి మందులు దొరకలేదు. నాకివ్వవలసిన చేపనూనె సీసా అడుగంటింది. రూతమ్మగారు దాన్ని చెంచా నుంచి సగం చెంచాకు దించారు. చాలామంది పిల్లాపాపల్ని బెజవాడకో, షోలాపూర్‌కో పంపిస్తున్నారు.

ఒక ఆదివారం మా ఆయన ఒక్కరే వచ్చారు.

"అమ్మను, విమలను బెజవాడల మా అక్క దగ్గర వదిలొస్త. నువ్వేమంటవ్?"

నేనేమంటాను? "పొయ్యేముందు ఒక్కసారి తీసుకరాండ్రి," అన్నాను.

తీసుకువచ్చారు. వాన పడుతోంది. నన్ను గదిలో పెట్టారు. కిటికీలోంచి కంచె దగ్గర గొడుగు ఒకటి కనబడింది. గొడుగు కింద రెండు చిన్న కాళ్లు. అంతే చూశాను. తరువాత ఐదు నెలలు పాపను చూడలేదు.

బెజవాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన్ను ఒక స్టేషన్‌లో ఖాకీ చొక్కాల రజాకార్లు దింపారు. ఏం చేశారో నాకు ఈనాటికీ పూర్తిగా చెప్పలేదు. కుడిచేతి రెండు వేళ్లు వంకరగా అతుక్కున్నాయి. ఆఫీసులో రాతపని కాబట్టి కలం పట్టుకోవడం మళ్లీ నేర్చుకున్నారు. తోటకు వచ్చినప్పుడు మస్తాన్ వైపు చూసేవారు కాదు. మస్తాన్ సలాం పెడితే మొహం తిప్పుకునేవారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం దగ్గుతుంటే నోరు వెచ్చగా, ఉప్పగా అయింది. చూస్తే చేతి నిండా రక్తం. ఆ భయం గురించి ఎక్కువ రాయను. ఎర్రగా ఉంటుందని తెలుసు కాని అంత ఎర్రగా ఉంటుందని తెలియదు. రూతమ్మగారు బజారుకు వెళ్లి ఉన్నారు. జూలీ మంచం కిందనుంచి లేచి మొరిగింది. అది మొరగడం అదే మొదటిసారి విన్నాను.

మస్తాన్ చేతుల మట్టితో పరుగెత్తుకు వచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. నేను చేత్తో వద్దని సైగ చేశాను. మనసులో మాత్రం పోవద్దు, పోవద్దు అనుకుంటున్నాను. అతను తలగుడ్డ విప్పి నా నోటికి అడ్డం పెట్టి, నా వీపు కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"ఏం కాదమ్మా. మాట్లాడకు. అమ్మగారు వస్తున్నరు. ఇగో, గేటు చప్పుడైంది."

గేటు చప్పుడు కాలేదు. ఆమె వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో కనీసం పదిసార్లు గేటు చప్పుడైందని చెప్పాడు. నమ్ముతూ ఉన్నాను.

సెప్టెంబరు

ఇండియా సైన్యం బయలుదేరిందని తెలిసిన రోజునుంచి ఐదు రోజులు ఊరు ఊపిరి బిగబట్టింది. మారేడ్‌పల్లిలో తలుపులన్నీ మూసుకున్నాయి. విమానాలు వెళుతుంటే కుక్కలు నా గదిలో దూరేవి. రూతమ్మగారి రేడియో వరండాలో పొద్దంతా గరగరలాడింది. లడాయి ఆగిందని చెప్పిన మరునాడు పొద్దున బొల్లారం రోడ్డు మీద లారీలు వస్తున్నాయని జనం పరుగెత్తారు. మా గేటు ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడి దండలకు పూలడిగారు. బంతి విరగబూసి ఉంది. మస్తాన్ బుట్టలకు బుట్టలు కోసి ఇచ్చాడు. అందరూ వెళ్లాక ఖాళీ అయిన మడి దగ్గర చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున రూతమ్మగారు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. వెనక మస్తాన్ ఉన్నాడు. అతని మొహం బూడిదరంగులో ఉంది.

వీధిలో కొందరు పేర్లు రాసి ఇస్తున్నారట, రజాకార్లలో ఉన్నారని. పేరు రాస్తే పోలీసులు వచ్చేలోపు వీధిలో మగవాళ్లే కర్రలతో పోతున్నారట. చాకలి వచ్చి మస్తాన్ పేరు విన్నానని చెప్పిపోయాడట.

"నిజమా?" అని నేనడిగాను.

అతను తల వంచుకున్నాడు. "రెండు దినాలు పోయిన అమ్మా. ఎండకాలంల. మొహల్లాల అందరిని పిలిచిన్రు. పోకుంటే ఇంటికొస్తమన్నరు. ఖాకీ అంగి ఇచ్చిన్రు. మైదాన్‌ల నిలవడ్డ. మూడోనాడు జొరమొచ్చిందని పోలే. అల్లా మీద ఒట్టు, ఎవరి మీద చెయ్యి లేపలే."

నమ్మానా? అబద్ధం చెప్పను. మా ఆయన వేళ్లు గుర్తుకు వచ్చాయి. ఆ తరువాత నా నోటికి అడ్డం పెట్టిన తలగుడ్డ గుర్తుకు వచ్చింది. ఆలోచించే ఓపిక కూడా లేదు నాకు. రోగం మనిషిని అంత అలిసిపోయేట్టు చేస్తుంది.

రూతమ్మగారన్నారు: "నా ఇంట్లో నాలుగు గదులున్నాయి. నాలుగూ వెతుకుతారు. ఈ గదిలోకి మాత్రం ఎవడూ అడుగు పెట్టడు. కానీ ఇది క్షయగది. ఇతన్ని ఇక్కడ కూర్చోపెట్టడం నా చదువుకే తప్పు. వాళ్లు ఇవాళ కొట్టవచ్చు, కొట్టకపోవచ్చు. నీ రోగం అంటుకోవచ్చు, అంటుకోకపోవచ్చు. ఏది చేయమంటాడో అతన్నే అడుగు."

అతన్ని అడగలేదు. కిటికీ దగ్గర మూల చూపించాను. కిటికీ తలుపులు మూస్తే గాలి ఉండదు, తెరిస్తే కనబడతాడు. రూతమ్మగారు తడిపిన వట్టివేళ్ల తడిక అడ్డం కట్టి, అతని ముక్కుకు నాలుగు మడతల గుడ్డ కట్టారు. నా వైపు వీపు పెట్టి కూర్చోమన్నారు. నన్ను దగ్గవద్దన్నారు, అదేదో నా చేతిలో ఉన్నట్టు.

ఆ మధ్యాహ్నమే వచ్చారు, ఐదుగురో ఆరుగురో. నాకు గొంతులే వినబడ్డాయి. ఒక గొంతు మా ఆయన వయసు మనిషిది, మర్యాదగానే మాట్లాడుతోంది.

"మీకు తక్లీఫ్ ఇయ్యం అమ్మగారూ. తోటమాలి ఏడున్నడో చెప్పున్రి. ఇల్లు జెర చూస్తం."

"చూసుకోండి," అన్నారు రూతమ్మగారు.

చూశారు. గిన్నెలు కదిలిన చప్పుడు. తరువాత అడుగులు తోటలోకి వచ్చాయి. మోతీ మొరుగుతోంది. జూలీ నా మంచం కింద గుర్రుమంటోంది.

"గా గదిల ఎవరున్నరు?"

"క్షయరోగి. ఆడమనిషి. పోయిన నెల రక్తం కక్కింది. తలుపు గొళ్లెం పెట్టలేదు, తోసి చూడండి. ఒక్కటే, గుడ్డ కట్టుకుని వెళ్లండి. ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకునేముందు స్నానం చేయండి."

అప్పుడు నాకు దగ్గు వచ్చింది. కావాలని దగ్గానని తరువాత రూతమ్మగారు అందరికీ చెప్పేవారు. కాదు. నిజంగానే వచ్చింది, ఆపుకోలేకపోయాను. మూలలో మస్తాన్ వీపు బిగుసుకోవడం చూస్తూనే దగ్గాను. నా ప్రతి దగ్గూ అతని మీద పడుతున్నట్టు, నేనే అతన్ని కొడుతున్నట్టు అనిపించింది.

అడుగులు ఆగాయి. వెనక్కు మళ్లాయి. గేటు చప్పుడు ఈసారి నిజంగానే అయింది.

అతను ఆ గదిలో ఐదు రోజులు ఉన్నాడు. రెండో రోజు మా ఆయన వచ్చారు. రూతమ్మగారు వరండాలో ఆపేలోపే అలవాటుగా గది తలుపు తోసి గుమ్మంలో నిలబడ్డారు. మస్తాన్ లేచి నిలబడ్డాడు. ముఖానికి గుడ్డ ఉన్నా మా ఆయన గుర్తుపట్టారు.

"వీన్ని దాసిపెట్టినవా? నువ్వు?"

కుడిచెయ్యి నా ముందుకు చాపారు.

"నా చెయ్యి చూసినవ్ గదా. రోజూ చూస్తున్నవ్ గదా."

"చూస్తున్న," అన్నాను. "నేను రక్తం కక్కిననాడు మీరు లేరు. ఈయన పట్టుకున్నడు. నాకు గదొక్కటే తెల్సు. మిగతాది మీకెట్ల తోస్తే గట్ల చెయ్యిన్రి."

ఆయన తలుపు వేసి వెళ్లిపోయారు. ఎక్కడికి వెళతారో, ఎవరితో చెబుతారో తెలియదు. ఆ రోజు సాయంత్రం జ్వరం నూటరెండు చూపించింది. మరునాడు మధ్యాహ్నం దాకా గేటు వైపే చెవి పెట్టి పడుకున్నాను. మస్తాన్ ఒక్కసారి మాత్రం అన్నాడు: "అమ్మా, నేను పోత. మీ ఇద్దరి నడుమ గిది ఒద్దు."

"కూసో," అన్నాను. అంతకంటే పెద్ద మాట పలకడానికి ఊపిరి లేదు.

మధ్యాహ్నం మా ఆయన వచ్చారు, ఒక్కరే. చేతిలో క్యారియర్ ఉంది. గుమ్మంలో పెట్టి, లోపలికి చూడకుండా అన్నారు: "జొన్నరొట్టెలు. వంకాయ కూర. ఇద్దరికి తెచ్చిన."

అంతే అన్నారు. మస్తాన్‌తో ఆ రోజూ మాట్లాడలేదు, తరువాత ఆరు నెలలదాకా మాట్లాడలేదు. కాని ఆ తరువాతి రెండు రోజులూ క్యారియర్ వచ్చింది. ఆ కూర ఆయనే వండారు. ఉప్పు లేదు.

చలికాలం

ఊరు మెల్లగా సద్దుమణిగింది. కర్రలవాళ్లు మళ్లీ రాలేదు. మస్తాన్ మళ్లీ తోటలోకి వచ్చాడు. కోయకుండా వదిలేసిన సీతాఫలాలు చెట్ల మీదే పగిలి, కాకులు తిన్నాయి. అక్టోబరులో ఊరినుంచి కబురు వచ్చి వెళ్లాడు. పది రోజుల తరువాత చెల్లెల్ని తీసుకుని తిరిగి వచ్చాడు. ఆమె భర్త ఇక లేడు. ఏం జరిగిందని మేము అడగలేదు. మధ్యాహ్నాలు వచ్చి నా మంచానికి పది అడుగుల దూరంలో కూర్చుని జూలీ వెంట్రుకల్లో గోమారులు ఏరేది. మా ఇద్దరికీ మాటలు వద్దు. ఆ చలికాలంలో నాకు దొరికిన సుఖమైన సావాసం అదే.

నవంబరులో నా జ్వరం మొదటిసారి ఒక వారమంతా రాలేదు. రూతమ్మగారు కాగితం మీద గీత గీసి, మడిచి పెట్టుకున్నారు. నాకు సంతోషం కలగలేదు. అందరూ సంతోషంగా ఉండాలని ఎదురుచూస్తుంటే నాకు మాత్రం మస్తాన్ దగ్గు వినబడుతోంది. పొద్దున మంచులో నీళ్లు చేదేటప్పుడు రెండుసార్లు, మూడుసార్లు దగ్గేవాడు.

"బీడీ దగ్గమ్మా," అనేవాడు.

"నేను సుత మిరపపొడి అన్న," అనేదాన్ని.

ఇప్పుడే ఫోటో తీస్తే ఏమీ కనబడకపోవచ్చునని, ఆరు నెలలైనా ఆగి చూడాలని రూతమ్మగారు చెప్పారు. ఆ ఆరు నెలలు అతని దగ్గు నాకు రెండో రోగమైంది. డిసెంబరులో విమల, అత్తమ్మ బెజవాడ నుంచి వచ్చారు. పాప కంచె దగ్గర నిలబడి కొత్త పద్యం చెప్పింది. ముందు పళ్లు రెండు లేవు. నేను వింటూనే మస్తాన్ ఎక్కడ దగ్గుతున్నాడో అని చూస్తున్నాను. ఎవరి ప్రాణాన్నైనా కాపాడామనుకోవడం తేలిక. ఏం ఇచ్చి కాపాడామో తెలియకుండా ఎదురుచూడటం కష్టం.

1949, ఎండలు మొదలయ్యాక

పాడైన ఊపిరితిత్తికి విశ్రాంతి దొరకాలని దాని చుట్టూ సూదితో గాలి పెట్టించుకోవడానికి నేను వారానికొకసారి ఆసుపత్రికి వెళ్లేదాన్ని. ఆ వారం టాంగాలో మస్తాన్ కూడా ఉన్నాడు. రూతమ్మగారు బలవంతం చేసి ఎక్కించారు. అదే గది, అదే బల్ల. అతను బల్ల మీద కూర్చోనన్నాడు. గోడకానుకుని నిలబడి, ఛాతీ ఫోటో తీసే గది తలుపు వైపు చూస్తున్నాడు. పెద్ద పెద్ద చేతులు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు కట్టుకున్నాడు.

పిలిచారు. వెళ్లాడు. వచ్చాడు. తడి ఫోటో ఆరేదాకా ఆగాలన్నారు. రెండు గంటలు. నా సొంత ఫోటోకు కూడా నేనంత భయపడలేదు. మా ఆయన ఆఫీసు నుంచి మధ్యలో వచ్చారు, నాకోసమని. మస్తాన్‌ను చూశారు. బల్ల చివరికి జరిగి, వంకర వేళ్ల చేత్తో ఖాళీ చోటు తట్టారు.

"కూసో మస్తాన్. ఎంతసేపు నిలవడ్తవ్."

అతను కూర్చున్నాడు. ముగ్గురం వరసగా, ఎదురు గోడకేసి చూస్తూ.

డాక్టరుగారు ఫోటోను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. పక్కకు తిప్పారు. మళ్లీ తిప్పారు. "ఏమీ లేదు. బీడీలు మానెయ్," అన్నారు.

మస్తాన్ బయట మెట్ల మీద కూర్చుని తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. నన్ను టాంగా ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవలసివచ్చింది. ఆరు నెలలకు మళ్లీ తీయించాం, ఏడాదికి మళ్లీ. ఏమీ లేదు.

1950

తగ్గడం ఒక రోజున జరగదు. ముందు ఇరవై అడుగులు నడవనిచ్చారు. తరువాత తోట చుట్టూ ఒకసారి. ఒక పొద్దున జూలీ మంచం కిందనుంచి లేవలేదు. మస్తాన్ జామచెట్టు పక్కన గొయ్యి తీశాడు. మోతీ దాన్ని తవ్వకుండా రాళ్లు పేర్చాడు. ఆ వారంలోనే డాక్టరుగారు నన్ను ఇంటికి పోవచ్చునన్నారు. బయలుదేరేటప్పుడు రూతమ్మగారు కౌగిలించుకోలేదు, అది ఆమె పద్ధతి కాదు. నా నాడి చూసి, "ఊఁ," అన్నారు.

తగ్గిన తరువాత ఎట్లా ఉంటుందో చెబుతానన్నాను కదా. అలసటగా ఉంటుంది. బిందె ఎత్తలేను. మెట్లు ఎక్కితే కూర్చోవాలి. ఇరుగుపొరుగువాళ్లు కొందరు ఇంకా గుమ్మం బయటనే నిలబడి పలకరిస్తారు. అత్తమ్మ నేను నిద్రపోతున్నాననుకుని నా ఊపిరి వింటూ నిలబడటం చూశాను. ఒకప్పుడు భయపడ్డ ఆ మనిషే ఇప్పుడు నా పాలు చల్లారుతున్నాయని గొడవ చేస్తుంది.

ఇంటికి వచ్చిన మూడో వారంలో విమల దువ్వెన తెచ్చి నా ముందు వీపు తిప్పి కూర్చుంది. జుట్టు నడుం దాకా పెరిగింది. బెజవాడలో ఎవరు దువ్వేవాళ్లో, ఎట్లా వేసేవాళ్లో నాకు తెలియదు. పాయలు తీశాను. చేతులు పైకెత్తి పట్టుకోవడం రెండేళ్లుగా లేదు. ఒక జడ సగం వేసేసరికి భుజాలు వణికాయి. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"అలిసిపోయినవా అమ్మా?"

"ఆఁ, బిడ్డా."

సగం జడను ముందుకు వేసుకుని చూసుకుంది. "గట్లనే ఉండనీ. మిగిలింది రేపు వేస్తువు," అని, వెనక్కు జరిగి, వీపు నా మోకాళ్లకు ఆనించి కూర్చుంది.